ఏరు దాటేదాకా ఓడ మల్లన్న

1967 నాటికి వియత్నాం యుద్ధం ముదిరింది. సైన్యంలో చేరమని అమెరికా ప్రభుత్వం నెలనెలా వేలమంది కుర్రాళ్లకు తాఖీదులు పంపుతోంది. టకోమా పట్టణంలో చదువుకున్న పెరీ వాట్కిన్స్ అనే నల్లజాతి యువకుడికీ ఒకటి అందింది. వైద్య పరీక్షకు వెళితే ఒక ఫారం చేతికిచ్చారు. ఆరోగ్యం గురించిన ప్రశ్నల వరసలో ఒకచోట, స్వలింగ ఆకర్షణ ధోరణులు ఉన్నాయా అని అడిగారు. అతను దాచలేదు. ఉన్నాయని టిక్కు పెట్టాడు.

నిబంధన ప్రకారం ఆ టిక్కుతో అతన్ని ఇంటికి పంపెయ్యాలి. పంపలేదు. సైనిక డాక్టరు పిలిచి మాట్లాడి, చేర్చుకోవడానికి అభ్యంతరం లేదని రాసేశాడు. యుద్ధం తప్పించుకోవడానికి గే కాని కుర్రాళ్లూ ఆ గడిలో టిక్కు పెట్టేవాళ్లు, అందుకే డాక్టర్లు నమ్మేవాళ్లు కాదు అని కొందరు సర్దిచెబుతారు. అసలు సంగతి అది కాదని, మనుషులు కావలసి వచ్చినప్పుడు ఏ గడిలో ఏముందో ఎవరికీ పట్టదని నా అనుమానం. తర్వాత జరిగింది చూస్తే ఆ అనుమానం బలపడుతుంది.

సైన్యంలో చేరాక, 1968లో వాట్కిన్స్ తాను గేనని సైనిక నేర పరిశోధన విభాగానికి వాంగ్మూలం రాసి సంతకం పెట్టాడు. సాక్ష్యం చాలదని ఫైలు మూసేశారు. మనిషి తన గురించి తానే రాసిచ్చినా సాక్ష్యం చాలలేదన్నమాట! తర్వాత అతను పై అధికారి అనుమతితోనే, సిమోన్ అనే పేరుతో, ఆడవేషం కట్టి సైనిక క్లబ్బుల్లో ఆడాడు, పాడాడు. గడువు తీరినప్పుడల్లా సైన్యం మళ్లీ మళ్లీ చేర్చుకుంది. 1975లో అతన్ని పంపెయ్యాలా వద్దా అని ఒక బోర్డు కూర్చుంటే, అతని పై అధికారే వచ్చి, నేను చూసిన గుమస్తాల్లో ఇంత మంచి పనివాడు లేడన్న అర్థంలో సాక్ష్యం చెప్పాడు. బోర్డు సభ్యులందరూ ఉంచమనే అన్నారు.

ఇంతలో వియత్నాం యుద్ధం అయిపోయింది. 1981లో రక్షణ శాఖ కొత్త ఆదేశం తెచ్చింది. స్వలింగ ప్రేమికులకూ సైనిక సేవకూ పొసగదు, ఎవరైనా తేలితే పంపెయ్యాల్సిందే, అధికారికి విచక్షణ లేదు అని. 1984లో వాట్కిన్స్‌ను పంపేశారు. అప్పటికి అతని సర్వీసు పదహారేళ్లు. ఇంకో నాలుగేళ్లు ఉంటే పూర్తి పింఛను వచ్చేది.

అతను కోర్టుకెక్కాడు. అప్పీళ్ల కోర్టు 1989లో ఇచ్చిన తీర్పులో గే సైనికుల హక్కుల మాటే ఎత్తలేదు. మొదటి రోజు నుంచీ తెలిసి చేర్చుకున్నారు, తెలిసి మళ్లీ మళ్లీ ఒప్పందం రాయించుకున్నారు, ఇప్పుడు తెలియనట్టు నటించడం కుదరదు అని చెప్పింది. సుప్రీంకోర్టు 1990లో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. చివరికి సైన్యం లక్షా 35 వేల డాలర్ల బకాయి జీతం, గౌరవప్రదమైన విడుదల, పింఛను ఇచ్చుకుంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మనవాళ్లు ఊరికే అనలేదు. గే సైనికుల విషయంలో పడమటి దేశాల సైన్యాలు వందేళ్లుగా చేసింది ఇదే. ఈ చరిత్రను సాధారణంగా నైతికత కథగానో, హక్కుల కథగానో చెబుతారు. నాకు మాత్రం ఇది ముందు లెక్కల కథ. వీళ్లుంటే క్రమశిక్షణ చెడుతుంది, జట్టు విరుగుతుంది అన్నదే నిషేధానికి చెప్పిన కారణం. అది నిజమైతే, జట్టు విరగకూడని సమయం యుద్ధమే కదా. నిషేధం అన్నిటికన్నా గట్టిగా అమలు కావలసింది అప్పుడే. జరిగింది సరిగ్గా తలకిందులుగా.

అమెరికా నౌకాదళం లెక్కలు చూడండి. ఈ కారణంతో 1950లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, పంపేసింది 483 మందిని. 1953లో, అంటే సంధి కుదిరిన ఏడాది, 1,353 మందిని. వియత్నాం ముమ్మరం కాకముందు, 1960ల నడుమ, ఏడాదికి 1,600కు పైగా పంపేవాళ్లు. 1968కి అది 798కి, 1970కి 461కి పడిపోయింది. సముద్రం మీద ఉన్నవాళ్ల స్వభావం రెండేళ్లకోసారి మారదు. మారింది అవసరం. అఫ్గానిస్థాన్, ఇరాక్ యుద్ధాలప్పుడూ ఇదే వరస. 2001లో మొత్తం సైన్యంలో పన్నెండు వందలు దాటిన తొలగింపులు, 2006 నాటికి సగానికి దిగివచ్చాయి.

1991 గల్ఫ్ యుద్ధంలోనైతే దాపరికం కూడా లేదు. యుద్ధం ముగిసేదాకా విడుదలలన్నీ ఆపమని ఉత్తర్వు వచ్చింది. తాము గేనని చెప్పిన రిజర్వు సైనికులకు, ముందు ఎడారికి వెళ్లి పోరాడండి, మీ తొలగింపు సంగతి తిరిగొచ్చాక చూద్దాం అన్న జవాబు వచ్చింది. ఇదేదో ఎవరో ఒక అధికారి చేసిన తుంటరి పని అనుకోవడానికి లేదు. ఆ ధోరణి వేళ్లు రెండో ప్రపంచ యుద్ధందాకా పోతాయి.

ఆ యుద్ధానికి ముందు అమెరికా సైన్యం స్వలింగ చర్యను నేరంగా చూసి కోర్టు మార్షల్ చేసేది. 1940లో లక్షలమందిని ఒక్కసారిగా చేర్చుకోవలసి రావడంతో, మానసిక రోగులను ముందే ఏరెయ్యాలని సైకియాట్రిస్టులను పిలిచారు. ఆ వడపోత పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో హ్యారీ స్టాక్ సలివన్ అనే పేరున్న వైద్యుడు ఒకడు. అతనే ఒక మగ తోడుతో ఏళ్ల తరబడి జీవించినవాడు. అతని మొదటి జాబితాలో స్వలింగ ప్రేమ లేదు. సైన్యమే తర్వాత చేర్పించింది. చేర్చినా కోటీ అరవై లక్షలమంది పనిచేసిన ఆ యుద్ధంలో, రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో ఎవరు దొరుకుతారు? దేశం కోసం వెళ్లాలనుకున్నవాళ్లు అబద్ధం చెప్పి చేరారు. అడగాలనిపించని డాక్టర్లు అడగకుండానే వదిలేశారు. జర్మనీ లొంగిపోవడానికి కొద్ది నెలల ముందు సైనికులకు కరువొచ్చినప్పుడు, యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ ఈ కేసులన్నీ తిరగదోడి, పనికొచ్చేవాళ్లను వెనక్కి తీసుకోమని ఆదేశించాడు.

పనికిరారని తేల్చినవాళ్లకు మాత్రం ఒక కాగితం ఇచ్చారు. నీలం రంగు కాగితం. దాన్ని బ్లూ డిశ్చార్జ్ అనేవాళ్లు. గౌరవంగా పంపారనీ కాదు, అవమానించి పంపారనీ కాదు. కోర్టు మార్షల్ అక్కర్లేదు, రుజువులు అక్కర్లేదు, కాగితం చేతిలో పెడితే చాలు. ఉద్యోగానికి వెళ్లినచోటల్లా ముందు ఆ కాగితం చూపించమనేవాళ్లు. దాని రంగు చూడగానే యజమాని మొహం మారేది.

దెబ్బ అంతటితో ఆగలేదు. 1944లో అమెరికా ప్రభుత్వం తిరిగొచ్చే సైనికుల కోసం జీఐ బిల్లు అనే చట్టం తెచ్చింది. ఏడాదికి 500 డాలర్ల దాకా కాలేజీ ఫీజు, పని దొరికేదాకా వారానికి 20 డాలర్ల చొప్పున ఏడాదిపాటు భృతి, ఇల్లు కొనడానికి అప్పు పూచీ. దాదాపు 78 లక్షలమంది ఆ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. ఈ రోజు మనం చూసే అమెరికా మధ్యతరగతి చాలావరకు ఆ చట్టం పుణ్యమే. అవమానకరంగా తొలగించిన వాళ్లకు తప్ప అందరికీ ఇవ్వాలన్నది చట్టం. అయినా 1945లో మాజీ సైనికుల శాఖ, గే అన్న కారణంతో నీలం కాగితం పట్టుకొచ్చినవాళ్లకు ఏమీ ఇవ్వొద్దని తనంత తాను నిర్ణయించుకుంది. చట్టసభ ఇచ్చినదాన్ని గుమస్తా చేత్తో లాక్కోవడం అంటే ఇదే. 1946లో ప్రతినిధుల సభ కమిటీ ఒకటి ఈ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది కూడా. శాఖ చెవికి అదేమీ ఎక్కలేదు.

ఇక్కడ ఒక అంకె దగ్గర ఆగాలి. 1941 డిసెంబరు నుంచి 1945 జూన్ దాకా సైన్యం ఇచ్చిన నీలం కాగితాలు 48,603. వాటిలో 10,806 నల్లజాతి సైనికులవి. సైన్యంలో వాళ్ల వాటా ఆరున్నర శాతం, నీలం కాగితాల్లో వాటా ఇరవైరెండు శాతం. గే సైనికుల్ని నిశ్శబ్దంగా సాగనంపడానికి పనికొచ్చిన పనిముట్టే, బస్సులో వెనక సీటుకు వెళ్లనన్న నల్ల సిపాయికీ, అధికారికి ఎదురు చెప్పినవాడికీ పనికొచ్చింది. అందుకే దీనిమీద మొదట గట్టిగా గొంతెత్తింది గే సంఘాలు కాదు. అప్పటికి అలాంటివి దాదాపు లేవు కూడా. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవారి పత్రిక 1945లో ఈ కాగితం మీద ప్రచారోద్యమమే నడిపింది. గే సైనికులకు జరిగే అన్యాయాన్నీ కలిపి రాసింది. కారణం చెప్పకుండా మనిషిని సాగనంపే అధికారం ఒకసారి చేతికొస్తే అది ఒక్కరి మీదే ఆగదని ఆ సంపాదకులకు బాగా తెలుసు. 1947లో నీలం కాగితం రద్దయింది. దాని స్థానంలో ఇంకో పేరుతో ఇంకో కాగితం వచ్చింది.

సైన్యాలకు నిజం తెలియక ఇలా చేశాయంటే నేనొప్పుకోను. శత్రువు బెదిరించి రహస్యాలు లాగుతాడు, కాబట్టి గే ఉద్యోగి దేశభద్రతకు ముప్పు అన్నది అప్పట్లో బాగా నడిచిన వాదం. 1957లో నౌకాదళం స్వయంగా వేసుకున్న క్రిటెండెన్ బోర్డు, ఈ మాటకు ఆధారం లేదని తేల్చింది. నౌకాదళం ఏం చేసింది? ఆ నివేదికను దాదాపు ఇరవై ఏళ్లు బయటికి రానివ్వలేదు.

బ్రిటన్ కథ వేరుగా కనిపిస్తుంది గాని లోపలి సరుకు ఇదే. డడ్లీ కేవ్ అనే కుర్రాడు 1941లో బ్రిటిష్ సైన్యంలో చేరాడు. నువ్వు గేనా అని అతన్ని ఎవరూ అడగలేదు. 1942లో సింగపూర్ పడిపోయినప్పుడు జపాను వాళ్లకు చిక్కి, థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేసిన మృత్యు రైలుమార్గం పనిలో పడ్డాడు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలు వేలకు వేలు రాలిపోయింది ఆ మార్గం పక్కనే. కేవ్ ప్రాణాలతో బయటపడ్డాడు. చాంగీ ఖైదీల శిబిరంలో ఒక బ్రిటిష్ సైనిక వైద్యుడు అతనికి స్వలింగ ప్రేమ మీద హావ్‌లాక్ ఎల్లిస్ రాసిన పుస్తకం చదవమని ఇచ్చాడు. నేనిలా ఉండటం రోగం కాదు అన్న సంగతి అతనికి ఆ ఖైదులో, ఎముకలు తేలిన ఒంటితో, తెలిసింది. ఆకలితో చచ్చే శిబిరంలో కూడా ఒక డాక్టరు ఆ మాత్రం మనసు పెట్టగలిగాడు. శాంతికాలంలో ఇంగ్లండు పెట్టలేకపోయింది. 1954లో కేవ్ నడుపుతున్న సినిమా హాల్లో, అతను గేనని తెలిసి ఉద్యోగం పీకేశారు. అవసరమైనప్పుడు వాడుకున్నారు, ఆపద తీరాక వేటాడారు అని ముసలితనం దాకా చెబుతూనే ఉన్నాడాయన. జర్మనీ రహస్య సంకేతాలను ఛేదించిన అలన్ ట్యూరింగ్ కథ మనలో చాలామందికి సినిమా ద్వారా తెలుసు. 1952లో శిక్ష, 1954లో మరణం, 2013లో క్షమాభిక్ష.

1967లో ఇంగ్లండులో పౌరులకు స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. సైన్యానికి మాత్రం ఆ చట్టంలో మినహాయింపు ఉంచారు. ఇంకో ముప్పై మూడేళ్లు సైనిక పోలీసులు బ్యారక్‌లో పరుపులు ఎత్తి చూశారు, ఉత్తరాలు చదివారు, ఎవరితో ఎన్నిసార్లు అని అడిగారు. జో ఔసాలిస్ అనే నౌకాదళ రేడియో ఆపరేటరు 1982 ఫాక్లండ్స్ యుద్ధానికి వెళ్లాడు, ఉత్తర ఐర్లండులో పనిచేశాడు. దాదాపు పద్దెనిమిదేళ్ల సర్వీసు. మగవాళ్లనూ ఆడవాళ్లనూ ఇష్టపడతానని అతను ఒప్పుకున్నాక, 1990ల మొదట్లో కోర్టు మార్షల్ చేసి తీసేశారు. దీర్ఘకాల సేవకూ సత్ప్రవర్తనకూ ఇచ్చిన పతకాన్ని అతని యూనిఫాం మీద నుంచి కత్తిరించి తీసుకున్నారు. యుద్ధంలో అతని ప్రవర్తన సత్ప్రవర్తనే. యుద్ధమయ్యాక కాదు. ఆ పతకం వెనక్కి రావడానికి అతను ప్రభుత్వం మీద దావాకు సిద్ధపడాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో చేతికందింది.

నిషేధం ఎలా పోయిందన్నది మనకు పనికొచ్చే భాగం. కొంత నిదానంగా చెబుతాను.

1990లలో తీసేసిన కొందరు బ్రిటిష్ సైనికులు కోర్టుకు వెళ్లారు. వాళ్లలో వైమానిక దళ నర్సు జెనెట్ స్మిత్ ఒకరు. వీళ్ల పనిలో లోపం లేదని రక్షణ శాఖే ఒప్పుకుంది. అది వేసిన కమిటీ 1996లో ఇచ్చిన నివేదిక కూడా గే సైనికుల సామర్థ్యంలో, ధైర్యంలో లోటుందని అనలేదు. మిగతా సైనికులు ఒప్పుకోరు, వాళ్లకు ఇబ్బంది, అందువల్ల జట్టు దెబ్బతింటుంది అని మాత్రమే చెప్పింది. సర్వేలు చూపించింది. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1999 సెప్టెంబరు 27న ఇచ్చిన తీర్పులో ఈ వాదన మెడ పట్టుకుంది. పక్కవాడి రంగు, జాతి నచ్చనివాళ్లు సైన్యంలో ఉంటే వాళ్ల అయిష్టాన్ని సాకుగా చూపి ఆ జాతివాళ్లను తీసేస్తారా? తియ్యరు కదా, ఇదీ అంతే అంది. నిజానికి తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ ఒకే పటాలంలో కలపమని 1948లో ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు అమెరికా జనరళ్లు చెప్పిన అభ్యంతరాలు తీసి చదివితే, అదే పాట, అక్కడక్కడా మాటలు మాత్రం వేరు.

2000 జనవరి 12న బ్రిటన్ నిషేధం ఎత్తేసింది. ఎత్తేసి ఊరుకోలేదు. గే సైనికులకు వేరే నియమాలు, తక్కినవాళ్లకు వేరే నియమాలు కాకుండా అందరికీ ఒకే సామాజిక ప్రవర్తనా నియమావళి తెచ్చింది. పై అధికారి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే అయింది. ఈ మనిషి చేసిన పని వల్ల దళం పని దెబ్బతిందా? అధికారి కింది ఉద్యోగితో సంబంధం పెట్టుకుంటే తప్పే, అది ఆడమగల మధ్యయినా సరే. సాటి సైనికుడి భార్యతో పెట్టుకున్నా తప్పే. ఎవరు ఎవరిని ఇష్టపడతారన్నది మాత్రం సైన్యానికి సంబంధం లేదు. కొన్ని నెలల తర్వాత రక్షణ శాఖ సమీక్ష చేస్తే, భయపడిన ఉపద్రవాలేవీ జరగలేదని తేలింది. సామూహిక రాజీనామాలు లేవు, బ్యారక్‌లు విరగలేదు.

అమెరికా ఇంత సూటిగా నడవలేదు. 1993లో క్లింటన్ ఒక రాజీ కుదిర్చాడు. మేం అడగం, మీరు చెప్పొద్దు. చెబితే ఉద్యోగం పోతుంది. ఆ రాజీ కింద పదమూడు వేలమందికి పైగా పోయారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అరబిక్ తెలిసినవాళ్ల కోసం సైన్యం గాలిస్తున్న రోజుల్లోనే, మాంటెరీలోని సైనిక భాషా సంస్థ నుంచి తొమ్మిదిమంది భాషావేత్తలను ఈ కారణంతో పంపేశారు. వాళ్లలో ఆరుగురు అరబిక్ చదివినవాళ్లు. ఆ నియమం మొదలైన పదేళ్లలో కీలక ఉద్యోగాల నుంచి 757 మంది, ముఖ్యమైన విదేశీ భాషల్లో ఎంతో కొంత నైపుణ్యం ఉన్నవాళ్లు 322 మంది పోయారని, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను చేర్చి తర్ఫీదివ్వడానికి దాదాపు 19 కోట్ల డాలర్లు ఖర్చయిందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2005లో లెక్క తేల్చింది. యుద్ధంలో అవసరమైతే చూసీ చూడనట్టు ఊరుకుంటారు అన్నాను గదా. ఇక్కడ ఆ సూత్రం తప్పింది. దొరికిన ఒక్క ఈమెయిలుతో పని జరిగిపోయే రోజులొచ్చాక, చూడనట్టు ఊరుకునే వెసులుబాటు కొన్నిచోట్ల కింది అధికారికి లేకుండా పోయింది. 2011 సెప్టెంబరు 20తో ఆ నియమం రద్దయింది. కథ అయిపోయిందనడానికి లేదు. 2025 జనవరిలో వచ్చిన ఉత్తర్వుతో ట్రాన్స్‌జెండర్ సైనికులకు అక్కడ మళ్లీ తలుపు మూసుకుంది.

ఇప్పుడు జరుగుతున్న యుద్ధం సంగతి. ఉక్రెయిన్‌లో గే సైనికుల మీద నిషేధం లేదు. 2018లోనే విక్టర్ పిలిపెంకో అనే మాజీ సైనికుడు తన సంగతి బహిరంగంగా చెప్పాడు. 2022లో రష్యా దాడి మొదలయ్యాక తిరిగి యుద్ధానికి వెళ్లాడు. అతను ఉన్న గే సైనికుల సంఘంవాళ్లు యూనిఫాం మీద ఒంటికొమ్ము గుర్రం బొమ్మ కుట్టుకుంటారు. 2024లో కీవ్‌లోని ఒక చర్చి అధిపతి అతనికి పతకం ఇచ్చి, గేనని తెలిశాక వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు, గే కాని సైనికులు కొందరు తమకు అదే చర్చి ఇచ్చిన పతకాలను తిప్పి పంపేశారు. తోటి సైనికులు ఒప్పుకోరు అన్న పాత వాదానికి తోటి సైనికులే చెప్పిన జవాబు ఇది.

ఉక్రెయిన్ గే సైనికుల పోరాటం వేరేచోట ఉంది. సైనికుడు గాయపడి ఆసుపత్రిలో పడితే తోడుగా ఉన్న మనిషికి డాక్టరు వివరాలు చెప్పనక్కర్లేదు. చనిపోతే శవాన్ని అడిగే హక్కు లేదు, పరిహారం లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. దీనికోసం 2023 మార్చిలో పౌర భాగస్వామ్య బిల్లు ఒకటి ఉక్రెయిన్ పార్లమెంటులో పెట్టారు. ఇజ్రాయెల్‌లో ఇదే సమస్య 2023 అక్టోబరు తర్వాత వచ్చింది. హమాస్ దాడిలో చనిపోయిన ఒక రిజర్వు అధికారికి అతని ప్రియుడితో కొద్ది రోజుల్లో పెళ్లి జరగాల్సి ఉంది. తనను మృతసైనికుడి జీవిత భాగస్వామిగా చూడాలని ఆ యువకుడు పట్టుబట్టాడు. ఆ నవంబరులోనే చట్టం మారింది. గాజాలో ఆ సైన్యం చేసినదాన్ని ఈ ఒక్క సవరణ ఏమీ కడిగెయ్యదు. కాని సవరణ సవరణే.

మన సంగతికి వస్తే, సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షను కోరలు పీకింది. నాలుగు నెలలకు అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ విలేకరుల ముందు, సైన్యం సంప్రదాయబద్ధమైనది, ఇలాంటివి సైన్యంలో అనుమతించం అన్నారు. ఆయన అన్నదానికి చట్టం బలం లేకపోలేదు. రాజ్యాంగం 33వ అధికరణ సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. 1950 ఆర్మీ చట్టం 46వ సెక్షను అసభ్యమైన, అసహజమైన ప్రవర్తనకు ఏడేళ్ల దాకా జైలు వెయ్యొచ్చంటుంది. అసహజం అంటే ఏమిటో అక్కడ వివరించలేదు. సుప్రీంకోర్టు పౌరుల విషయంలో కొట్టేసిన అర్థమే బ్యారక్ లోపల ఇంకా బతికి ఉందా లేదా అన్నది ఎవరూ సూటిగా తేల్చలేదు.

తేల్చకపోవడంలో ఉన్న ఇబ్బందికి ఆనవాళ్లు మన దగ్గరే ఉన్నాయి. 2017లో విశాఖపట్నంలోని నౌకాదళ స్థావరంలో పనిచేస్తున్న ఒక సెయిలర్‌ను, లింగ మార్పిడి శస్త్రచికిత్స చేయించుకుందని తెలిసి, సేవలు ఇక అవసరం లేదన్న నిబంధన కింద ఇంటికి పంపారు. అది లింగ గుర్తింపు సంగతి, ఇది ప్రేమ సంగతి, రెండూ ఒకటి కావు. కాని వాడిన పనిముట్టు చూడండి. నీలం కాగితానికి దగ్గరి చుట్టం. 2022లో, కశ్మీరులో ఒక సైనికుడికీ స్థానిక యువకుడికీ మధ్య ప్రేమ కథగా ఓనిర్ తియ్యబోయిన సినిమాకు రక్షణ శాఖ నిరభ్యంతర పత్రం ఇవ్వలేదు. అది సైన్యాన్ని చెడుగా చూపిస్తుందని, భద్రతా సమస్యలు తెస్తుందని మంత్రి లోక్‌సభలో జవాబిచ్చారు. ఆ కథకు ప్రేరణ, స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలి తాను గేనని బహిరంగంగా చెప్పిన ఒక మాజీ మేజర్. నిజంగా ఉన్న అధికారి కథ సైన్యానికి మచ్చ ఎలా అవుతుందో ఆ జవాబులో లేదు.

జవాన్లు పల్లెల నుంచి వస్తారు, వాళ్లు ఒప్పుకోరు అంటారు. ఈ మాట అనేవాళ్లు మన పల్లెల్ని నిజంగా ఎంత చూశారో నాకు సందేహం. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్లు తరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇస్తున్నాయి. ఆ ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు సైన్యంలో కులం పక్కనపెట్టి ఒకే పళ్లెం దగ్గర కూర్చోవడం నేర్చుకున్నారు, ఆడ అధికారికి సెల్యూట్ కొట్టడం నేర్చుకున్నారు. ఒకప్పుడు ఇవి కూడా ఒప్పుకోరు అన్న జాబితాలోవే. ఆదేశం పైనుంచి స్పష్టంగా వచ్చినప్పుడు కిందివాళ్లు పాటించడం సైన్యానికి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. బ్రిటిష్ జనరళ్లు తమ సైనికులను తక్కువ అంచనా వేసినట్టే, మనవాళ్లూ వేస్తున్నారని నా అభిప్రాయం.

కాకపోతే పడమటి అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకురావడానికి ఒక అడ్డంకి ఉంది. బ్రిటన్‌లో కొరడా ఝళిపించింది విదేశీ న్యాయస్థానం. మనకు అలాంటిది లేదు. మన సుప్రీంకోర్టు 2023 జనవరిలో వ్యభిచారం కేసుల సందర్భంగా, సైన్యం తన క్రమశిక్షణ చర్యలు తాను తీసుకోవచ్చని తేల్చిచెప్పింది. అదే ఏడాది అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. అంటే మార్పు వస్తే ప్రభుత్వం నుంచో సైన్యం నుంచో రావాలి. చట్టం మొత్తం తిరగరాయనక్కర్లేకుండానే మొదలుపెట్టదగ్గ పని ఒకటుంది. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య, డ్యూటీ బయట, ఇష్టపూర్వకంగా ఉన్న సంబంధం 46వ సెక్షను కిందికి రాదని ఒక సర్క్యులర్, ఆడామగా తేడా లేకుండా అందరికీ వర్తించే ప్రవర్తనా నియమావళి ఒకటి. బ్రిటన్ 2000లో రాసుకున్నది పట్టుమని పది పేజీలుండదు.

రాసుకోవడం ఆలస్యమైనందుకు అదే బ్రిటన్ ఇప్పుడు కడుతున్న బిల్లు ఇదీ. లార్డ్ ఎథర్టన్ అనే విశ్రాంత న్యాయమూర్తి విచారణ జరిపి 49 సిఫార్సులు చేశాడు. 2023 జులై 19న ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2024 డిసెంబరులో ఏడున్నర కోట్ల పౌండ్ల నిధి ప్రకటించారు. తొలగించినవాళ్లకు తలా 50 వేల పౌండ్లు, వేధింపులు, జైలు లాంటివి అనుభవించినవాళ్లకు అదనంగా 20 వేల దాకా. దరఖాస్తులకు రెండేళ్ల గడువిచ్చారు. డడ్లీ కేవ్ 1999లోనే పోయాడు, నిషేధం ఎత్తెయ్యడానికి కొన్ని నెలల ముందు. అమెరికా కూడా 2024లో, ఎవరూ అడగకముందే పాత ఫైళ్లు తిరగేసి, ఎనిమిది వందలమందికి పైగా మాజీ సైనికుల విడుదల పత్రాల్ని గౌరవప్రదమని మార్చి రాసింది.